పాముచెవుల ఉస్తాద్

హుజూర్‌నగర్‌లో రైసుమిల్లు ముందు లారీ ఆపి, నన్ను గుర్తుపట్టి, టీ తాగించి, పిల్లలెంతమందని అడిగి, మళ్లీ లారీ ఎక్కి ఇంజను స్టార్టు చేశాక చెప్పాడు నా పాత స్నేహితుడు.

“అసలు సంగతి చెప్పుడే మర్సిన. మన ఉస్తాద్ పోయిండు. ఎల్లుండి నలభై దినాల ఫాతెహా.”

అంత పెద్ద మాట చివర్లో చెప్పినందుకు వాడి మీద కోపమొచ్చింది. లారీ మూల తిరిగేసరికి ఆ కోపం పోయింది. ఉస్తాద్‌ను తలుచుకుంటే నాకు ముందు నవ్వొస్తుంది, ఏడుపు తర్వాత వస్తుంది. ఆ రోజు రోడ్డు మీద రెండూ ఒకేసారి వచ్చేసరికి మిల్లు హమాలీలు పని ఆపి నన్ను చూశారు.

తొంభైల మొదట్లో నేను అచ్చంపేట నుంచి అమ్రాబాద్‌కు నాలుగేళ్లు జీపు తోలాను. డిగ్రీలో ఫిజిక్సు చదివినవాడిని. టీచరు ఉద్యోగం కోసం పరీక్షలు రాస్తూ, అది వచ్చేదాకా పొట్టకూటికి స్టీరింగు పట్టాను. లారీ తోలే ఆ స్నేహితుడిది అప్పుడు నా వెనక జీపు. ఆ దారిలో జీపు ఎంత పాతదైనా ఎవరూ పట్టించుకునేవారు కాదు. బ్రేకులు సగమే పట్టినా దేవుడి మీద భారం వేసి కూర్చునేవారు. పాటల్లో దమ్ము లేకపోతే మాత్రం, ఎక్కి కూర్చున్న అవ్వ కూడా మూట తీసుకుని దిగి వెనక జీపు ఎక్కేది. అందుకని ప్రతి జీపులో వెనక సీటు కింద చెక్కపెట్టెలో రెండు ఊఫర్లు, పక్కన యాంప్లిఫయర్ ఉండేవి. పాటలో ఢోలు దెబ్బ, కడుపుకు తగిలే ఆ లావుపాటి మోత, అంతా ఊఫర్లదే. అవి ఉన్నట్టుండి మూగబోతే ఆ రోజు దందా మూతపడినట్టే. అప్పుడు మాకు దిక్కు ఉస్తాద్.

ఆయన దుకాణం జీపుల అడ్డా పక్కనే, మురుగు మోరీ మీద చెక్కలు పరిచి కట్టిన డబ్బా. మనిషి పొట్టి. సాల్డరింగు తీగను మెడలో దండలా వేసుకునేవాడు. జేబులో అందరికీ పెన్ను ఉండే చోట ఆయనకు పెన్సిల్ సెల్లు ఉండేది. ఎనభైలలో ఆయన మైకుసెట్లు బాగుచేసేవాడట. ఊళ్లో ఏ పెళ్లి మైకు పలకాలన్నా ఈయన చేయి పడాల్సిందేనని పెద్దవాళ్లు చెప్పేవారు.

ఎప్పుడు పోయినా ఆయన మాకు వీపు చూపిస్తూ, గోడ వైపు తిరిగి పని చేసుకుంటూ ఉండేవాడు. మనం డబ్బా మీద కాలు పెట్టగానే, తల తిప్పకుండానే, “రా బిడ్డా, మళ్ల ఏం చెడగొట్టినవ్?” అనేవాడు. వచ్చింది ఎవరో కూడా చెప్పేవాడు. అడ్డాలో అందరికంటే పెద్దవాడు, మేం పెద్ద డ్రైవర్ అని పిలిచే ఆయన, కాలు పెట్టాడంటే “ఆవో పెద్ద డ్రైవర్” అనేవాడు. ఒక్కసారి కూడా తప్పు పోలేదు. అందుకే అచ్చంపేటంతా ఆయనవి పాముచెవులు అనేది. చీమ నడిచినా వింటాడని, అలాంటి చెవి ఉండబట్టే ఊఫరు రోగం ఇట్టే పట్టేస్తాడని చెప్పుకునేది. ఆయనకూ ఆ మాట ఇష్టమే. “నా చెవి పోయిన దినం గీ డబ్బకు తాళమేస్త” అని మీసం దువ్వేవాడు.

డబ్బాలో ఒక కట్టుబాటు ఉండేది. ఎవరూ నోరు తెరవకూడదు. గుమ్మం పక్కన మేకుకు చిన్నపిల్లల పలక ఒకటి వేలాడుతుండేది, దానికి దారంతో కట్టిన బలపం.

“నోటి మాట గాలికి పోతది. పలక మీద రాయి. నిన్న జీపుల ఏమేసినవో, ఎవల్ని ఎక్కించినవో అంత రాయి. రాసుడు రాకుంటె బొమ్మ గియ్యి.”

ఊఫరు ఆగిపోయిందని పోతే, ఊఫరు గురించి ఆయన ఒక్కటీ అడిగేవాడు కాదు. నిన్నటి బరువు గురించే అడిగేవాడు. “ఊఫర్ ఊకె సావది బిడ్డా. దానికి తిండి పోయే తొవ్వ యాడనో బందైతది. గా తొవ్వ దేవులాడాలె” అనేవాడు. ముందు ఫ్యూజు, తర్వాత వైరు, తర్వాత ఎర్తు, అన్నీ అయ్యాకే ఊఫరు. దవాఖానలో అడుగుపెట్టగానే కోత పెట్టే డాక్టరు దగ్గరికి ఎవడైనా పోతాడా అని ఆయన ప్రశ్న.

అమ్రాబాద్ నుంచి వచ్చే ఒక డ్రైవర్ ఎప్పుడూ బొమ్మే గీసేవాడు. ఒకసారి నాలుగు కాళ్లు, ఒక తోక, పైన రెండు గీతలు గీశాడు. ఉస్తాద్ పలకను దూరం పెట్టి చూశాడు, దగ్గర పెట్టి చూశాడు.

“కుక్కనెందుకు ఎక్కించినవ్?”

డ్రైవర్ గడ్డం దగ్గర చెయ్యి పెట్టి మేకగడ్డం చూపించాడు.

“మేకనా? మేకైతె మేక లెక్కనే గియ్యాలె గద. తోక గంత పొడుగెందుకు పెట్టినవ్?” అని ఆ తోకను తుడిచి, సరైన తోక గీసి, అప్పుడు పోయి సీటెత్తి చూశాడు. మేక వైరును జానెడు నమిలేసింది. “మేకకు గూడ టికెట్టు కొట్టు. వైరు మాత్రం తినవెట్టకు” అన్నాడు.

ఇంకోసారి నా జీపులో అడవి నుంచి వచ్చిన తేనె డబ్బా ఒలికి యాంప్లిఫయర్‌లోకి దిగింది. నాకు ఆ సంగతి తెలియదు. పలక మీద ‘ఒక డబ్బా’ అని మాత్రం రాశాను. ఆయన మూత విప్పితే లోపల చీమలు కాపురం పెట్టి ఉన్నాయి. ఉస్తాద్ వేలు పెట్టి నాకి, కళ్లు మూసుకుని, కాసేపు అలాగే ఉన్నాడు. మళ్లీ నాకాడు. మూడోసారి నాకాక, “మంచి తేనె. కలిపింది గాదు” అని చెప్పి, అప్పుడు పనిలో దిగాడు.

ఆఖరికి ఊఫరు దాకా వస్తే మాత్రం జేబులోంచి పెన్సిల్ సెల్లు తీసేవాడు. సెల్లుకు రెండు తీగలు పట్టుకుని ఊఫరుకు తాకిస్తే, బతికున్న ఊఫరు టప్పుమని ఒక్కసారి పైకి ఉబుకుతుంది. ఆయన దాని అట్ట మీద అరచెయ్యి పెట్టి, కళ్లు మూసుకుని, నాడి చూసే హకీములా కూర్చునేవాడు. పాటల మీద ఆయన తీర్పులు కూడా అరచేతివే. ఊరంతా పాడుకునే మెత్తటి పాట ఒకటి ఉంటే, “గిదేం పాట? చెయ్యికి తగుల్తనే లేదు” అని తీసేసేవాడు. ఎవరో పాడిన భజన క్యాసెట్టు, గొంతు అపస్వరం, ఢోలకు మాత్రం ఇరగదీసేది. దానికి మాత్రం వాహ్వా అనేవాడు.

ఆయన రుచి అంత మోటుగా ఎందుకుందా అని నాకు చాలాకాలం అర్థం కాలేదు. ఒక మధ్యాహ్నం అర్థమైంది.

ఆ రోజు నేను డబ్బా బయట బల్ల మీద కూర్చున్నాను. లోపల ఉస్తాద్ తీగ అతుకుతున్నాడు. ఎదురుగా ట్రాక్టరు టైరు పేలింది. అది పేలుడు కాదు, పిడుగు. టీ బండి దగ్గర గ్లాసులు జారిపడ్డాయి, గొర్రెలమంద చెదిరి బస్టాండులోకి పోయింది, నేను బల్ల మీంచి మోరీ అంచుకు చేరాను. ఉస్తాద్ చెయ్యి వెంట్రుకవాసి కూడా కదల్లేదు. సాల్డరు చుక్క వేసి, దాన్ని ఉఫ్ ఉఫ్ అని ఊదుతున్నాడు. తర్వాత ఎందుకో తల తిప్పి, మోరీ అంచున ఉన్న నన్ను, పరుగెత్తుతున్న జనాన్ని చూశాడు. ఒక్క క్షణం ఆయన ముఖంలో భయం కనిపించింది.

“పని మీద కూసుంటె నాకు దునియ మీద ధ్యానం ఉండది బిడ్డా” అన్నాడు.

“అవును ఉస్తాద్” అన్నాను. ఆయన నా పెదాల వంక చూస్తున్నాడు. అప్పుడు తెలిసింది నాకు. పాముచెవుల ఉస్తాద్‌కు చెవులు లేవు. మనం ఎక్కితే చెక్కలు అదిరేవి, ఒక్కొక్కరి అదురు ఒక్కో తీరు, ఆయన పాదాలకు అందరూ తెలుసు. అసలు పాముకు కూడా చెవులుండవు, నేల అదురే దానికి వినికిడి అని నా సైన్సు పుస్తకంలోనే ఉంది. చదివిన చదువు పనికొచ్చిన మొదటిసారి అదే.

ఆ రాత్రంతా నాకు అదే ఆలోచన. ఈ సంగతి బయటపడితే, చెవిటివాడి దగ్గరికి పాటల డబ్బా ఎవడు తెస్తాడు? ఆయన మాట ప్రకారం ఆయనే తాళం వేసుకోవాలి. ఆ డబ్బా మూతపడితే ఆయన, చాచీ ఏం తిని బతకాలి? చాచీ అంటే ఆయన భార్య, రోజూ టిఫిను పంపించే మనిషి. ఈ రహస్యం నాకు ఒక్కడికే తెలిసింది కాబట్టి కాపాడే పూచీ నాదే అనుకున్నాను. చెప్పుకోకూడదు కానీ, కాస్త గర్వంగా కూడా ఉండేది.

ఆ రోజు నుంచి నా తిప్పలు నావి. ఆయన ముఖం ఎదురుగా నిలబడితేనే మాట్లాడేవాడిని. కొత్తవాళ్లొచ్చి వెనక నుంచి పిలుస్తుంటే, “ఆయన కోపిష్టి, మాట్లాడితే కొడుతడు, రాసియ్యి” అని పలక అందించేవాడిని. మిగతా డ్రైవర్లకు మాత్రం ఏవేవో పిచ్చి అలవాట్లు ఉండేవి. పెద్ద డ్రైవర్ డబ్బా ఎక్కేముందు చెప్పులకు ఏదో అంటినట్టు కాలు దబ్బుమని కొట్టేవాడు. లారీ స్నేహితుడు గుమ్మంలోని బల్బు ఆర్పి ముట్టించి ఆర్పి ముట్టించి ఆడుకునేవాడు. వీళ్ల పిచ్చిచేష్టల మధ్య నేనొక్కణ్ని ఇంత బరువు మోస్తున్నానే అని జాలిపడేవాడిని, నా మీద నేనే.

ఇంతలో అడ్డాకు అటువైపు కొత్త దుకాణం పెట్టాడు ఒకాయన. పట్నంలో పని నేర్చుకున్నాడట. ఆయన దగ్గర ముల్లు ఊగే మీటరు ఉండేది. అందుకని మీటరాయన అనేవాళ్లం. చెడ్డవాడేం కాదు, కానీ కడుపు అందరికీ ఉంటుంది. నెలరోజులు ఈగలు తోలుకున్నాక ఒక ఉదయం అడ్డా మీదికొచ్చి అందరి ముందు అన్నాడు.

“మీ ఉస్తాద్‌కు చెవులు వినపడయి. కావాల్నంటె ఏదన్న ఒక జీపు పెట్టుండ్రి. నేను చూస్త, ఆయన చూస్తడు. ఆయన జీపు రోగం పట్టిండంటె నేను దుకాణం ఎత్తేస్త. లేకుంటె అడ్డ జీపులన్ని నాదగ్గరికి రావాలె.”

పెద్ద డ్రైవర్ ఉమ్మేసి, “సరే” అన్నాడు. ఒప్పుకోకపోతే మాట నిజమని ఒప్పుకున్నట్టే కదా. సరిగ్గా ఆ ఉదయమే ఊఫర్లు ఆగిపోయిన జీపు అడ్డాలో ఒకటే ఉంది. అది నాది.

నా జీపు కథ నాకే తెలుసు. ముందురోజు సీతాఫలాల గంపలు వేసినప్పుడు ఒక ఊఫరు వైరు ఊడింది. ఫిజిక్సు చదివినవాణ్ని, ఇంతదానికి ఉస్తాద్ ఎందుకని నేనే కట్టాను. కట్టాక ఉన్న మోత కూడా పోయింది. పాట వస్తుంది, గొంతు వస్తుంది, కడుపుకు తగిలేది మాత్రం లేదు. సిగ్గుతో ఎవరికీ చెప్పలేదు.

ముందు మీటరాయన సీటెత్తి గంటసేపు చూశాడు. ముల్లు ఎక్కడ పెట్టినా చక్కగా ఊగింది. ఫ్యూజు బాగుంది, ఎర్తు బాగుంది, రెండు ఊఫర్ల లోపలి చుట్టలూ బాగున్నాయి. “అన్ని మంచిగనే ఉన్నయి. ఊఫర్లు ముసలియైనయి. కొత్తయి ఎయ్యాలె” అని లేచాడు.

ఉస్తాద్ పలక పట్టుకుని వచ్చాడు. నాకిచ్చాడు. నేను అందరి ముందు రాశాను: ‘సీతాఫలాల గంపలు. నేను ఏమీ చెయ్యలేదు. దానంతటదే బందైంది.’ ఆయన చదివాడు. పలకను వదిలేసి నా బొటనవేలు పట్టుకుని చూశాడు. దానికి నల్లటి ఇన్సులేషను టేపు జిగురు అంటి ఉంది. పలక మీద నేను రాసిన రెండో మాటను వేలితో తుడిచేసి, జీపు వెనక వంగి కూర్చున్నాడు.

అప్పుడు మీటరాయన చల్లగా ఆయన వెనక చేరి, మామూలు గొంతుతో అన్నాడు.

“ఉస్తాద్, నీ కాలు కింద తేలున్నది.”

ఉస్తాద్ కదల్లేదు. వైరు చూసుకుంటున్నాడు. ఏం చెయ్యాలో తోచక నేనే ఎగిరి దూకాను, ఆయన కళ్లకు కనపడేట్టు. నేను దూకడమే ఆలస్యం, పెద్ద డ్రైవర్ పంచె ఎత్తిపట్టుకుని గంతేశాడు, లారీ స్నేహితుడు బానెటు ఎక్కాడు, అమ్రాబాద్ డ్రైవర్ నేల అదిరేట్టు తొక్కుతున్నాడు. మనవాళ్లకు తేలంటే ఇంత భయమా అని ఆ కంగారులో కూడా ఆశ్చర్యపోయాను. ఉస్తాద్ తలెత్తాడు. అందరి చూపూ తన కాలి మీదే ఉంది. నిదానంగా కాలెత్తి చూసుకున్నాడు. కింద మట్టి తప్ప ఏమీ లేదు.

“పనోని కాళ్ల దిక్కు చెప్పుల దొంగ చూస్తడు. పని నేర్వాలనుకునేటోడు చేతుల దిక్కు చూస్తడు. చేతుల దిక్కు చూడుండ్రి” అన్నాడు.

జేబులోంచి సెల్లు తీశాడు. తీగలు ఒక ఊఫరుకు తాకించాడు. అది పైకి ఉబికింది. అవే తీగలు అలాగే రెండోదానికి తాకించాడు. అది లోపలికి కుంగింది. మళ్లీ తాకించాడు, మళ్లీ కుంగింది. పెద్ద డ్రైవర్‌ను పిలిచి ఆయన రెండు చేతులూ రెండింటి మీద పెట్టించి మళ్లీ చూపించాడు.

“ఒకడు తోస్తుండు, ఒకడు గుంజుతుండు. తలుపుకు అటొకడు ఇటొకడు నిలవడి ఇద్దరు తోసిండ్రనుకో, తలుపు కదుల్తదా? ఇద్దరు మంచోళ్లే. పొందిక లేదు.”

ఒక ఊఫరుకు వైర్లు అటుది ఇటు, ఇటుది అటు మార్చాడు. నన్ను డెక్కు వెయ్యమని సైగ చేశాడు. భజన క్యాసెట్టే వేశాను. ఢోలకు దెబ్బకు టీ బండి మీద గ్లాసులు ఒకదానికొకటి తగిలి మోగాయి. ఉస్తాద్ జీపు రేకు మీద అరచెయ్యి ఆనించి కళ్లు మూసుకున్నాడు. “ఇగ తగుల్తాంది” అన్నాడు.

మీటరాయన దుకాణం ఎత్తెయ్యలేదు, ఎవరూ ఎత్తెయ్యమనీ అనలేదు. వారం తర్వాత చూస్తే ఆయన జేబులో కూడా పెన్సిల్ సెల్లు ఉంది. వైర్లు తప్పు కట్టిన ఘనుడెవరని పెద్ద డ్రైవర్ అడిగితే, ఉస్తాద్ ఆయన పెదాలు చూసి, “గంప చేసిన పని” అన్నాడు. తర్వాత నేనొక్కణ్ని దొరికినప్పుడు నా బొటనవేలికి కిరసనాయిలు గుడ్డతో జిగురు తుడుస్తూ మెల్లగా అడిగాడు, “ఏం చదివినవన్నవ్ బిడ్డా?”

తర్వాత ఉద్యోగమొచ్చింది, జీపు అమ్మేశాను, హుజూర్‌నగర్ వైపు వచ్చేశాను. ఉస్తాద్‌ను మళ్లీ చూడలేదు. చూడాల్సింది. బద్ధకం తప్ప దానికి వేరే కారణం లేదు.

ఫాతెహా రోజు అచ్చంపేట పోయాను. ఉస్తాద్ ఇంటి ముందు గదిలో పెద్ద డ్రైవర్, లారీ స్నేహితుడు, అమ్రాబాద్ డ్రైవర్ వరసగా కూర్చుని ఉన్నారు. లోపలి గుమ్మానికి పరదా, దాని వెనక చాచీ. భోజనాలయ్యాక పెద్ద డ్రైవర్ గొంతు తగ్గించి అన్నాడు.

“ఇగ చెప్తె తప్పులేదు. ఉస్తాద్‌కు చెవులు వినపడకపొయ్యేటియి. మీకెవలికి తెల్వది. గిన్నేండ్లు నేనొక్కన్నే కడుపుల వెట్టుకున్న. ఊకెనె కాలు కొట్టేటోన్ని అనుకున్నరా?”

నేను నోరు తెరిచేలోపు లారీ స్నేహితుడు లేచాడు. “నువ్వొక్కనివా? మరి నేను బల్బు ఎందుకు ఆర్పి ముట్టించేటోన్ని? నాకు పిచ్చా?”

“నేను ఏడో తరగతి చదివిన” అన్నాడు అమ్రాబాద్ డ్రైవర్ నేల చూస్తూ. “నాకు రాసుడు మంచిగొస్తది. తెల్వనట్టు ఉండాలెనని బొమ్మలు గీసిన. మేకను గూడ మంచిగ గీస్త. తోక కావాల్ననె పొడుగు పెట్టిన, ఆయన నవ్వుతడని.”

ఆ రోజు తేలుకు ఎవరూ భయపడలేదని అప్పుడు తెలిసింది. చావింట్లో నవ్వకూడదని తెలుసు. అయినా ముందు పెద్ద డ్రైవర్ భుజాలు కదిలాయి, తర్వాత ఎవరూ ఆపుకోలేకపోయారు. పరదా వెనక చాచీ కూడా నవ్వుతున్నదని వినపడుతూనే ఉంది. నవ్వు తగ్గాక ఆమె మాట్లాడింది.

“మీ అందరికి ఎరుకే అని ఆయనకు మొదటిసంది ఎరుకే. ‘చెప్పరాదా మరి’ అంటె, వద్దనేటోడు. ‘ఒక్కొక్కడు నన్ను వాడొక్కడే కాపాడుతుండనుకుంటుండు. గా ఫికరుతోటి పని లేకున్న దినానికి రెండుమాట్లు వచ్చి నన్ను చూసి పోతుండు. చెప్తె మళ్ల ఎవలొస్తరు’ అనేటోడు.”

సెలవు తీసుకుని అడ్డా దాకా కలిసి నడిచాం. డబ్బాకు తాళం వేసి ఉంది. పెద్ద డ్రైవర్ దాని ముందు ఆగాడు. మెట్టు చెక్క మీద కాలు పెట్టి, అలవాటు ప్రకారం దబ్బుమని కొట్టాడు. మేం ముగ్గురం తలుపు వంక చూశాం.